ముందు చక్రాలకు తాళం ఎందుకు?

నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే జీపు ఒకటి కొండదారిలో ఎక్కుతోందనుకోండి. దారిలో ఒక పక్క బండరాయి, ఇంకో పక్క గొయ్యి. జీపు ముందు ఎడమ చక్రం గోతి మీదుగా గాలిలో తేలింది. వెనక కుడి చక్రం కూడా నేల వదిలింది. మిగిలిన రెండు చక్రాలూ గట్టి రాతి మీద చక్కగా ఆని ఉన్నాయి. డ్రైవరు యాక్సిలరేటరు తొక్కాడు. గాలిలో ఉన్న రెండు చక్రాలూ గిర్రున తిరిగాయి. రాతి మీద ఉన్న రెండు చక్రాలూ మాత్రం కదలలేదు. జీపు ఎక్కడిదక్కడే నిలిచిపోయింది!

ఇదేమి వింత? ఇంజనులో శక్తి ఉంది. ఆ శక్తి నాలుగు చక్రాల వైపూ వెళుతోంది. రెండు చక్రాల కింద గట్టి నేల ఉంది. మరి జీపు ఎందుకు కదలదు? దీనికి కారణం ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ అనే యంత్రభాగం. రోడ్డు మీద ఎంతో మేలు చేసే ఈ భాగమే కొండదారిలో ఇలా మొండికేస్తుంది. దాని మొండితనం వదిలించడానికి ఇంజనీర్లు దానికొక తాళం కనిపెట్టారు. ఆ తాళాన్ని వెనక ఇరుసుకు వేయడం ఒక ఎత్తు, ముందు ఇరుసుకు వేయడం ఇంకొక ఎత్తు. ఆ కథేమిటో చూద్దాం.

ఎడ్లబండికి లేని చిక్కు

మీరు ఎడ్లబండిని గమనించే ఉంటారు. దాని ఇరుసు తిరగదు. ఇరుసు రెండు చివర్లా చక్రాలు మాత్రమే తిరుగుతాయి. చక్రం ఊడిపోకుండా బయట ఒక చీల ఉంటుంది. ఏ చక్రం తిరుగుడు దానిదే. బండి మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం తక్కువగా, బయటి చక్రం ఎక్కువగా తిరిగినా ఎవరికీ ఇబ్బంది లేదు. ఎందుకంటే బండిని లాగేది ఎడ్లు, చక్రాలు కావు.

మోటారు వాహనంలో అలా కాదు. అక్కడ చక్రాలే బండిని నడపాలి. అందుకని ఇంజను ఇరుసును తిప్పుతుంది, ఇరుసు చక్రాలను తిప్పుతుంది. ఒకే కడ్డీకి రెండు చక్రాలూ బిగించేస్తే రెండూ సమానంగానే తిరుగుతాయి. తిన్నగా పోయేటప్పుడు బాగానే ఉంటుంది. చిక్కంతా మలుపులోనే.

మీ బడిలో కవాతు చేసేటప్పుడు వరుస మొత్తం మలుపు తిరగాలంటే ఏం చేస్తారు? లోపలి చివర ఉన్నవాడు దాదాపు ఉన్నచోటనే అడుగులు వేస్తాడు. బయటి చివర ఉన్నవాడు పెద్దపెద్ద అంగలు వేస్తాడు. చక్రాల సంగతీ అంతే. చిన్న లెక్క వేసి చూద్దాం.

ఒక వాహనం గుండ్రంగా ఒక చుట్టు తిరుగుతోంది. లోపలి చక్రం 5.6 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తం మీద, బయటి చక్రం 7 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తం మీద నడుస్తున్నాయి. లోపలి వృత్తం చుట్టుకొలత 35.2 మీటర్లు. బయటి వృత్తం చుట్టుకొలత 44 మీటర్లు. చక్రం వ్యాసం 0.7 మీటరు అయితే దాని చుట్టుకొలత 2.2 మీటర్లు. అంటే లోపలి చక్రం 16 సార్లు, బయటి చక్రం 20 సార్లు తిరగాలి. రెండూ కలిసి బిగుసుకుని ఉంటే ఇది సాధ్యం కాదు. రెండూ 18 సార్లే తిరిగితే, లోపలి చక్రం 4.4 మీటర్ల మేర ఎక్కువ తిరిగి జారాలి. బయటి చక్రం 4.4 మీటర్ల మేర ఈడ్చుకుపోవాలి. టైర్లు అరుగుతాయి, ఇరుసు మెలిపడుతుంది, బండి మలుపు తిరగనని మొరాయిస్తుంది.

ఈ చిక్కును తీర్చిన వారిలో ముఖ్యుడు ఫ్రాన్సు దేశానికి చెందిన ఒనెసిఫోర్ పెక్యూర్. ఆయన గడియారాలు చేసే పనివాడు. ఆవిరి బండి కోసం 1827–28 ప్రాంతంలో ఆయన డిఫరెన్షియల్‌కు పేటెంటు పొందాడు. పెట్రోలు కార్లు అప్పటికి పుట్టనే లేదు!

కావడి బద్ద వంటి పళ్ల చక్రం

డిఫరెన్షియల్‌లో ఏముంటుంది? ఇంజను నుంచి వచ్చే పొడవాటి కడ్డీ చివర పినియన్ అనే చిన్న పళ్ల చక్రం ఉంటుంది. అది క్రౌన్ అనే పెద్ద పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. క్రౌన్ చక్రానికి ఒక గూడు బిగించి ఉంటుంది. క్రౌన్‌తోపాటు గూడు కూడా తిరుగుతుంది. గూటిలోపల అడ్డంగా ఒక చీల, ఆ చీల మీద చిన్న పళ్ల చక్రాలు ఉంటాయి. వాటికి అటొకటి, ఇటొకటి పక్క గేర్లు. ఎడమ పక్క గేరు ఎడమ చక్రపు కడ్డీకి, కుడి పక్క గేరు కుడి చక్రపు కడ్డీకి అమరి ఉంటాయి.

బండి తిన్నగా పోయేటప్పుడు లోపలి చిన్న చక్రాలు తమ చీల మీద తిరగవు. గూడూ, పక్క గేర్లూ ఒకే ముద్దలా తిరుగుతాయి. మలుపులో ఒక చక్రం నెమ్మదిస్తే చిన్న చక్రాలు తమ చీల మీద కొంచెం దొర్లుతాయి. ఇటు తగ్గినంత అటు పెరుగుతుంది. మన లెక్కలో గూడు 18 సార్లు తిరిగితే ఒక చక్రం 16, మరొకటి 20. సగటు ఎప్పుడూ గూటి వేగమే. ఒక చక్రం పూర్తిగా ఆగిపోతే? రెండోది 36 సార్లు తిరుగుతుంది! బురదలో దిగబడ్డ బండి చక్రం అంత జోరుగా తిరగడానికి కారణం ఇదే.

ఇప్పుడు అసలు కీలకం. తిరుగుడును ఎలాగైనా పంచే డిఫరెన్షియల్, బలాన్ని మాత్రం రెండు పక్కలకూ సమానంగానే పంచుతుంది. కావడి మోసే మనిషిని తలచుకోండి. భుజం మీద బద్ద మధ్యలో ఆని ఉంటుంది. రెండు చివర్లా సమానమైన బరువులుంటేనే కావడి నిలుస్తుంది. ఒక చివర కుండ జారిపోయిందా, రెండో చివర బరువును భుజం మోయలేదు. బద్ద అటు ఒరిగిపోతుంది. మోసే మనిషికి బలం లేక కాదు, ఆ బలానికి ఎదురు ఆనుడు లేక. డిఫరెన్షియల్‌లోని చిన్న పళ్ల చక్రం అచ్చంగా కావడి బద్దే. ఒక పక్క చక్రానికి పట్టు లేకపోతే రెండో పక్కకు కూడా బలం అందదు.

దీన్ని అంకెల్లో చూద్దాం. ఒక జీపు ముందు ఇరుసు మీద 800 కిలోల బరువు ఉంది. ఒక్కో చక్రం మీద 400 కిలోలు. కుడి చక్రం పొడి రాతి మీద ఉంది. ఘర్షణ గుణకం 0.7 అనుకుందాం. అది 280 కిలోల బలంతో నేలను తన్నగలదు. ఎడమ చక్రం జారుడు బురదలో ఉంది. ఘర్షణ గుణకం 0.1. అది 40 కిలోల బలం మాత్రమే తట్టుకుని, అంతకు మించితే జారి తిరుగుతుంది. డిఫరెన్షియల్ సమానంగా పంచుతుంది కనుక కుడి చక్రానికి కూడా 40 కిలోలే అందుతాయి. మొత్తం 80 కిలోలు. రాతి మీద ఉన్న 280 కిలోల పట్టులో 240 కిలోలు వృథా. ఇక ఎడమ చక్రం గాలిలో తేలితే అటు సున్నా, ఇటూ సున్నాయే. మొదట చెప్పిన జీపు సంగతి ఇప్పుడు అర్థమైంది కదా! ముందు ఇరుసులో ఒక చక్రం, వెనక ఇరుసులో ఒక చక్రం పట్టు తప్పితే చాలు, నాలుగు చక్రాల బండి ఏ చక్రంతోనూ నడవలేని బండి అవుతుంది.

తాళం వేస్తే

మార్గం ఏమిటి? కావడి బద్దను కదలకుండా బిగించేయడమే. ఒక పక్క గేరును గూటికి కలిపి బిగిస్తే చిన్న చక్రాలు దొర్లడానికి వీలుండదు. అప్పుడు రెండు చక్రాలూ ఒకే కడ్డీకి బిగించినట్టు తిరుగుతాయి. ఏ చక్రానికి పట్టు ఉంటే దానికే బలం పోతుంది. మన లెక్కలో ఎడమ చక్రం 40, కుడి చక్రం 280, మొత్తం 320 కిలోలు. ఇంజను అదే, టైర్లు అవే; లాగుడు మాత్రం నాలుగు రెట్లు!

ఇది మన పల్లెలకు కొత్త కాదు. ట్రాక్టరు నడిపేవారు మడిలో ఒక చక్రం దిగబడి తిరుగుతుంటే సీటు దగ్గర ఉన్న ఒక చిన్న పెడలును తొక్కుతారు. రెండు వెనక చక్రాలూ ఒక్కటై ట్రాక్టరు బయటికి వస్తుంది. అదే డిఫరెన్షియల్ లాక్. గట్టి నేల మీదికి రాగానే దాన్ని వదిలేయాలి.

కొండలు, ఎడారులు, అడవులు తిరిగే వాహనాలకూ ఇదే ఏర్పాటు వచ్చింది. 1979లో వచ్చిన మెర్సిడెస్ జీ వాహనంలో ముందు ఇరుసుకూ, వెనక ఇరుసుకూ తాళాలు అమర్చే వీలుంది. టొయోటా ల్యాండ్ క్రూజర్‌లో కొన్ని రకాలకు కంపెనీయే రెండు తాళాలూ వేసి ఇచ్చింది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు సియెరా నెవడా పర్వతాలలో రుబికాన్ బాట అని బండరాళ్ల దారి ఒకటుంది. ఆ పేరుతోనే జీప్ కంపెనీ 2003 మోడలుగా తెచ్చిన రాంగ్లర్ రుబికాన్‌కు ముందూ వెనకా తాళాలున్నాయి. మన దేశంలో తయారయ్యే ఫోర్స్ గూర్ఖాకు కూడా రెండు ఇరుసులకూ తాళాలుంటాయి. తాళం లేని వాహనాలకు విడిగా కొని అమర్చుకునే తాళాలూ దొరుకుతాయి. ఆస్ట్రేలియాకు చెందిన ఏఆర్‌బీ సంస్థ చేసే గాలి తాళం వాటిలో పేరు పొందింది.

ముందు ఇరుసుకు ఎందుకంత ఆలోచన?

మొదట వెనక ఇరుసుకు తాళం వేయడమే మామూలు పద్ధతి. బండి ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక చక్రాల మీదికి వాలుతుంది. బరువు పెరిగితే పట్టు పెరుగుతుంది. కనుక వెనక తాళం వల్ల లాభం ఎక్కువ. మరి ముందు తాళం ఎప్పుడు కావాలి? దారికి అడ్డంగా మెట్టులాంటి బండ ఉన్నప్పుడు ముందు చక్రాలు దాని మీదికి పాకాలి. వెనక చక్రాలు ఎంత తోసినా ముందు చక్రం బండకు నొక్కుకుంటుందే కాని పైకి ఎక్కదు. ఆ సమయంలో ఒక ముందు చక్రం గాలిలో ఉంటే రెండోది తాళం లేకుండా పాకలేదు. అలాగే వెనుకకు నడుపుతూ ఎత్తు ఎక్కవలసి వస్తే బరువంతా ముందు చక్రాల మీదనే ఉంటుంది.

అయితే ముందు చక్రాలకు రెండు ఉద్యోగాలు. అవి బండిని లాగాలి, దారి కూడా తిప్పాలి. తాళం మొదటి పనికి సాయపడి రెండో పనికి అడ్డుపడుతుంది.

తాళం వేసి మలుపు తిప్పామనుకోండి. లోపలి చక్రం అవసరానికి మించి తిరుగుతూ బండిని ముందుకు నెడుతుంది. బయటి చక్రం తక్కువ తిరుగుతూ వెనక్కు పడుతుంది. ఒక పక్క ముందుకు, ఒక పక్క వెనక్కు, ఇదొక బలయుగ్మం. ఇది బండిని తిన్నగానే పొమ్మంటుంది. స్టీరింగు ఇనప ముద్దలా బరువెక్కుతుంది. బురదలోనూ, ఇసుకలోనూ చక్రాలు కాస్త జారగలవు కనుక కొంత నయం. పొడి తారు రోడ్డు మీద జారడానికి వీలుండదు. ముందు తాళం వేసి ఉన్న సంగతి మరచి తారు రోడ్డు ఎక్కి వేగంగా పోతే, మలుపులో బండి తిరగవలసినంత తిరగదు. ఘాటు రోడ్డులో దాని అర్థమేమిటో వేరే చెప్పనక్కరలేదు.

రెండో ప్రమాదం పక్కవాలులో ఉంది. తాళం లేని ఇరుసులో ఒక చక్రం జారి తిరుగుతున్నా రెండోది నిలకడగా ఉండి బండి పక్కకు జారకుండా పట్టుకుంటుంది. తాళం వేసినప్పుడు రెండూ ఒకేసారి జారి తిరిగితే పక్కపట్టు రెండింటికీ పోతుంది. బండి ముక్కు వాలు దిక్కుకు జారుతుంది. తడి నేలల మీద, మంచు మీద ఇది మరీ ముఖ్యం.

మూడోది బలం సంగతి. ముందు చక్రం తిరుగుతూనే పక్కకు వంగాలి కనుక దాని కడ్డీ చివర కీలు ఉంటుంది. మన లెక్కలో రెండు చక్రాలూ రాతి మీద ఉన్నప్పుడు ఒక్కో కడ్డీ 280 కిలోల పని చేస్తుంది. తాళం వేసి, ఎడమ చక్రం గాలిలో ఉంటే? 800 కిలోల బరువూ కుడి చక్రం మీదనే పడుతుంది. దాని పట్టు 560 కిలోలు. అదంతా ఒక్క కడ్డీ, ఒక్క కీలు మోయాలి. అంటే రెట్టింపు భారం. పైగా స్టీరింగు పూర్తిగా తిప్పి ఉంటే కీలు వంగి ఉంటుంది. వంగిన కీలు తిన్నగా ఉన్న కీలు మోసినంత మోయలేదు. అటువంటప్పుడు డ్రైవరు యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే కీలు ఫెటిల్లున విరగవచ్చు. ఊరికి ఎంతో దూరాన, కొండ మధ్య బండి ఆగిపోతుంది. అందుకే ముందు తాళం వేయించుకునేవారిలో చాలామంది కడ్డీలనూ కీళ్లనూ క్రోమియం, మాలిబ్డినం కలిసిన గట్టి ఉక్కువాటితో మార్పించుకుంటారు. గొలుసు బలం దాని బలహీనమైన కొక్కెంలోనే ఉంటుంది కదా!

అమర్చడం ఎలా?

తాళాల్లో రెండు ముఖ్యమైన తెగలు ఉన్నాయి. తమంతట తామే పడేవి ఒక తెగ. డ్రైవరు కోరినప్పుడు పడేవి రెండో తెగ. ముందు ఇరుసుకు రెండో తెగే మేలని చెప్పవచ్చు. కావలసిన పది గజాల దూరం తాళం వేసుకుని, వెంటనే తీసేయవచ్చు. పాత జీపుల్లో ముందు చక్రాల హబ్బులను ఇరుసు నుంచి విడదీసే ఏర్పాటు ఉంటుంది. అలా విడదీస్తే రోడ్డు మీద ముందు ఇరుసు తిరగదు కనుక తాళం ఉన్నా లేనట్టే.

గాలి తాళం అమరిక చూద్దాం. ముందుగా ఇరుసులోని నూనె దించి, రెండు పక్కల కడ్డీలూ బయటికి లాగుతారు. పాత గూటిని తీసి, దాని క్రౌన్ చక్రాన్ని విప్పి తాళం ఉన్న కొత్త గూటికి బిగిస్తారు. కొత్త బేరింగులు వేస్తారు. ఇక్కడినుంచి పని చాలా సున్నితం. క్రౌన్ పళ్లకూ పినియన్ పళ్లకూ నడుమ ఉండే సందు సాధారణంగా మిల్లీమీటరులో ఐదో వంతు చుట్టుపట్ల ఉండాలి. పలచని రేకు బిళ్లలు వేసి, తీసి ఆ సందును సరిచేస్తారు. తర్వాత పళ్లకు రంగు ముద్ద పూసి తిప్పి చూస్తారు. రంగు చెరిగిన గుర్తు పంటి మధ్యలో పడితే అమరిక సరిపోయినట్టు. అంచుకు పడితే మళ్లీ మొదటికే రావాలి. తొందరపడి వదిలేస్తే పళ్లు కూతపెట్టి, కొన్నాళ్లకు చిట్లిపోతాయి.

చివరగా ఇరుసు డొల్లకు చిన్న రంధ్రం చేసి సన్నని గాలి గొట్టం లోపలికి తెస్తారు. బానెటు కింద చిన్న కంప్రెసరు, డ్రైవరు ముందు మీట. మీట నొక్కగానే గాలి ఒత్తిడి ఒక పళ్ల ఉంగరాన్ని జరుపుతుంది. అది పక్క గేరును గూటికి కలుపుతుంది. గాలి వదిలితే స్ప్రింగులు ఉంగరాన్ని వెనక్కు నెడతాయి. తాళం ఊడుతుంది. కొన్ని తాళాలలో గాలి బదులు విద్యుత్తు, కొన్నింటిలో లోహపు తీగ ఈ పని చేస్తాయి. మన దేశంలో రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడంపై 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనులో ఆంక్షలున్నాయి. ఏ మార్పు చేయించినా ముందు రవాణా కార్యాలయంలో తెలుసుకోవాలి.

తాళం వాడే పద్ధతికీ కొన్ని నియమాలున్నాయి. అడ్డంకి రాకముందే, బండి ఆపి గాని నడక వేగంలో గాని తాళం వేయాలి. చక్రం జోరుగా తిరుగుతుండగా వేస్తే పళ్ల ఉంగరానికి దెబ్బ. మొదట వెనక తాళం, అదీ చాలకపోతేనే ముందు తాళం. స్టీరింగు వీలైనంత తిన్నగా ఉంచాలి. అడ్డంకి దాటగానే మొదట ముందు తాళమే తీయాలి.

తాళం లేకుండా బయటపడే ఉపాయమూ ఉంది. జారి తిరుగుతున్న చక్రానికి మాత్రమే బ్రేకు వేస్తే? మన లెక్కలో ఎడమ చక్రానికి 240 కిలోల బ్రేకు పడితే, బురద ఇచ్చే 40తో కలిపి ఎడమ పక్క ఆనుడు 280 అవుతుంది. అప్పుడు కుడి పక్కకూ 280 అందుతుంది. కావడిలో జారిపోయిన కుండ స్థానంలో ఒక రాయి కట్టినట్టన్నమాట. నేటి వాహనాలు చాలావాటిలో ఈ పని కంప్యూటరు చేస్తోంది. కాని బ్రేకులో ఆ శక్తి వేడిగా మారి పోతుంది. ఎక్కువసేపు చేస్తే బ్రేకులు వేడెక్కుతాయి. తాళానికి ఆ నష్టం లేదు.

మీరే చేసి చూడండి

రెండు సమానమైన సీసా మూతలు, ఒక సన్నని వెదురు పుల్ల తీసుకోండి. మూతల నడుమ బెజ్జాలు చేసి పుల్ల రెండు చివర్లా జిగురుతో గట్టిగా అంటించండి. గరుకు కాగితం మీద నొక్కిపట్టి తిన్నగా దొర్లించండి, తర్వాత గుండ్రంగా తిప్పండి. ఎక్కడ మొరాయిస్తోంది? ఇప్పుడు ఒక మూత జిగురు విప్పి అది వదులుగా తిరిగేలా చేయండి. తేడా మీ వేళ్లకే తెలుస్తుంది.

ఇక ఒక ప్రశ్న. పైన చెప్పిన లెక్కలో వ్యాసార్ధాలు 5.6, 7 బదులు 12.6, 14 మీటర్లు తీసుకోండి. ఒక చుట్టులో రెండు చక్రాలు నడిచే దూరాల తేడా ఎంత? ఇంకా పెద్ద వృత్తమైతే? లెక్క వేస్తే ఒక చిత్రమైన జవాబు వస్తుంది. అది ఎందుకు వచ్చిందో ఆలోచించండి. మీ ఊళ్లో ట్రాక్టరు ఉంటే, ఇంజను ఆపి ఉన్న వేళ దాని యజమానిని అడిగి లాక్ పెడలు ఎక్కడుందో చూడండి. ఎప్పుడు తొక్కుతారో, అంతకంటే ముఖ్యంగా ఎప్పుడు వదిలేస్తారో, ఆయన నోటనే వినండి.